ఒప్పుకోలు ఎలా చేయాలి: పాపానికి పేరు పెట్టడం నుంచి బాకీ తీర్చడం దాకా

"తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా." చాలా ఏళ్ళు ఈ ఒక్క వాక్యంతోనే సరిపెట్టుకున్నాను. మాటలో తప్పు లేదు. తనకు కనబడని తప్పుల నుంచి కూడా శుద్ధి చేయమని 19వ కీర్తనలో దావీదు అడిగాడు. చిక్కల్లా ఏమిటంటే, తెలియక చేసినవాటి మాటున తెలిసి చేసినవి కూడా పేరు చెప్పకుండా గడప దాటిపోతాయి. ప్రార్థన ముగిసేసరికి మనసు తేలికవుతుంది, ఏ పాపం నుంచి తేలికయిందో మాత్రం మనకే తెలియదు.

కొత్త నిబంధనలో "ఒప్పుకొనుట" అని మనం చదివేచోట గ్రీకులో ఉన్నది హొమొలొగేయో అనే క్రియ. "అదే మాట పలకడం" అని దాని మూలార్థం. పాపాన్ని దేవుడు ఏ పేరుతో పిలుస్తాడో మనమూ ఆ పేరుతోనే పిలవడం ఒప్పుకోలు. దేవునికి తెలియని సంగతి ఆయన చెవిన వేయడం దాని ఉద్దేశం కాదు. ఆయన దొంగతనం అన్నదాన్ని మనం సర్దుబాటు అంటున్నంత కాలం ఎన్ని కన్నీళ్ళు కార్చినా ఇంకా ఒప్పుకోనట్టే. ఈ మార్గదర్శి అంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

మొదటి మెట్టు: క్షమాపణ ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. తగినంత ఏడిస్తే, తగినన్ని రోజులు ఉపవాసం ఉంటే దేవుడు కరుగుతాడని లోలోపల అనుకుంటారు. క్రైస్తవ విశ్వాసం ప్రకారం క్షమాపణకు ఆధారం మన దుఃఖం కాదు, క్రీస్తు సిలువ. 1 యోహాను 1:9 చూడండి. మన పాపాలను ఒప్పుకుంటే దేవుడు "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని అక్కడ ఉంది. దయగలవాడు గనుక అని ఉంటుందని మనం ఎదురుచూస్తాం, కానీ యోహాను నీతి అనే మాట వాడాడు. క్రీస్తు ఒకసారి చెల్లించిన దానిని మళ్ళీ మన దగ్గర వసూలు చేయడం నీతి కాదన్నది అందులోని ధైర్యం.

కతోలిక, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ సంఘాలు మూడూ ఇక్కడి దాకా కలిసే నడుస్తాయి. ఆ క్షమాపణ మనిషి దాకా ఏ దారిన వస్తుందన్న దగ్గరే విడిపోతాయి. ఆ సంగతి ఐదో మెట్టులో చూద్దాం.

రెండో మెట్టు: ఆత్మపరిశీలన

ఇరవై నిమిషాలు, ఒక కాగితం, తలుపు వేసిన గది. ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు. గంటలకొద్దీ తవ్వుకుంటూ కూర్చోవడం మంచిది కాదని నా అభిప్రాయం, ఎందుకో తర్వాత చెబుతాను.

జెస్విట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో నేర్పిన వరుస ఇప్పటికీ పనికొస్తుంది. ముందు పొందిన మేళ్ళకు కృతజ్ఞత చెప్పాలి. తర్వాత తన పాపాన్ని తాను చూడగలిగే వెలుగు అడగాలి. ఆ తర్వాత రోజును గంట గంటగా వెనక్కి చూసుకోవాలి. చివరగా క్షమాపణ వేడుకుని, దిద్దుకోవాలని తీర్మానించుకోవాలి. కృతజ్ఞతతో మొదలుపెట్టడంలో లోతు ఉంది. ఏమేమి అందుకున్నామో గుర్తున్నప్పుడే ఏమి పాడుచేశామో స్పష్టంగా కనబడుతుంది.

వెనక్కి చూసుకోవడానికి పది ఆజ్ఞలు మంచి దారి. అయితే ఒక్కోదాన్ని చదివి "ఇది నేను చేయలేదు" అని గీత కొట్టేయకండి. కొండమీది ప్రసంగంలో యేసు నరహత్య ఆజ్ఞను కోపం దాకా, వ్యభిచార ఆజ్ఞను చూపు దాకా లాక్కొచ్చాడు. అబద్ధసాక్ష్యం న్యాయస్థానంలోనే చెప్పాలని లేదు. ఒకరి గురించి సగం నిజం మాత్రమే చెప్పి, మిగతా సగం దగ్గర నవ్వి ఊరుకోవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. చేయవలసిన మేలు తెలిసీ చేయకపోవడం పాపమని యాకోబు 4:17 చెబుతుంది. చాలామంది కాగితాల మీద ఈ వరుస ఖాళీగా ఉంటుంది. మాట్లాడవలసిన చోట మౌనంగా ఉన్న సందర్భాలను అక్కడ రాయండి.

రాసిన ప్రతిదాని పక్కనా "ఎందుకు" అని ఒక్కసారి అడగండి. ఆదిమ సంఘపు గొప్ప పండితుల్లో ఒకడైన ఆగస్టీను పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి పొరుగు తోటలో పియర్ పళ్ళు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు, అంతకన్నా మంచి పళ్ళు అతని దగ్గరే ఉన్నాయి. దొంగిలించినవాటిలో చాలావరకు పందులకు విసిరేశారు. తప్పు చేయడంలోని రుచి కోసమే చేశానని, ఒంటరిగా ఉంటే చేసేవాణ్ణి కాదని నడివయసులో తేల్చుకున్నాడు. పండు కన్నా ఆ రెండు సంగతులే అతనికి ఎక్కువ బయటపెట్టాయి. మీ విషయంలోనూ పైకి కోపంగా కనబడింది లోపల అసూయ కావచ్చు, భయం కావచ్చు.

ఈ కాగితం మీదకు రాకూడనివి కూడా ఉన్నాయి. శోధన దానంతటది పాపం కాదు, యేసు కూడా శోధించబడ్డాడు. జబ్బు, దిగులు పాపాలు కావు. ఇతరులు మీకు చేసిన అన్యాయం మీ పాపం కాదు. దెబ్బలు తిన్నవారు, చిన్నతనంలో వేధింపులకు గురైనవారు ఎదుటివాడి పాపాన్ని తమ నెత్తిన వేసుకుని ఒప్పుకోలుకు రావడం అరుదు కాదు. వారికి కావలసింది క్షమాపణ కాదు, ఓదార్పు, రక్షణ, న్యాయం. సంఘపెద్దలకు ఈ తేడా తెలియకపోతే చాలా హాని జరుగుతుంది.

మూడో మెట్టు: దుఃఖం ఎటు తిరిగి ఉందో చూడండి

యేసును ఎరుగనని బొంకిన పేతురు, ఆయన్ను పట్టిచ్చిన యూదా ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువుకు ద్రోహం చేశారు. ఇద్దరూ బాధపడ్డారు. యూదా ఒక అడుగు ముందుకే వేశాడు. ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు, నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశానని నోరు తెరిచి ఒప్పుకున్నాడు. కానీ ఎవరి దగ్గర? ఆ బేరం ఆడిన ప్రధాన యాజకుల దగ్గర. "దానితో మాకేమి?" అని వాళ్ళు ముఖం తిప్పుకున్నారు. అతని దుఃఖం అతన్ని చావు వైపు నడిపించింది. పేతురు ఏడుపు మాత్రం అతన్ని మళ్ళీ యేసు నిలబడిన ఒడ్డుకు చేర్చింది. 2 కొరింథీయులు 7:10 చెప్పే రెండు రకాల దుఃఖాలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కన్నీళ్ళు రాకపోతే కంగారుపడకండి. పశ్చాత్తాపానికి గ్రీకు మాట మెటనొయా, మనసు మారడం. అది కంటితడితో కొలిచేది కాదు.

నాలుగో మెట్టు: మాటలు సరిచేసుకోండి

మొత్తంలో కష్టమైన మెట్టు ఇదే. బైబిలులో చెడిపోయిన ఒప్పుకోళ్ళు బోలెడు ఉన్నాయి. "నువ్వు నాకిచ్చిన ఈ స్త్రీ" అంటూ ఆదాము ఒక్క ఊపులో భార్య మీదకీ దేవుని మీదకీ నేరం నెట్టాడు. ప్రజల మాట విని బంగారు దూడను పోతపోసిన అహరోను, మోషే నిలదీసేసరికి బంగారాన్ని అగ్నిలో వేశానని, ఈ దూడ బయటికి వచ్చిందని చెప్పాడు. దూడ దానంతటదే నడిచి వచ్చిందన్నమాట! సౌలు రాజు మంచి గొర్రెలను మిగిల్చుకుని, వాటిని ప్రజలు బలి కోసం తెచ్చారని సమూయేలుకు చెప్పాడు. తర్వాత "పాపం చేశాను" అన్నాడు గాని, వెంటనే పెద్దల ముందు నా పరువు నిలబెట్టమని బతిమాలుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు ముగ్గురూ ముగ్గురే.

వీళ్ళ పక్కన దావీదును నిలబెట్టండి. పరాయివాడి భార్య బత్షెబతో వ్యభిచారం విషయంలో, ఆమె భర్త ఊరియా హత్య విషయంలో నాతాను ప్రవక్త కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు అతని జవాబు: నేను పాపం చేశాను. వివరణ లేదు, సంజాయిషీ లేదు.

ఇక్కడ మన భాషతో ఒక పేచీ ఉంది. తప్పు చేసినవాడు కనబడకుండా వాక్యం నడపడానికి తెలుగు మహా అనువైన భాష. "పొరపాటు దొర్లింది" అంటాం, అదేదో గులకరాయి దొర్లినట్టు. "నోరు జారింది" అంటే నేరం నోటిది. "కోపం వచ్చేసింది" అంటే బయటి నుంచి వచ్చిన చుట్టం. "అలా జరిగిపోయింది" అన్నప్పుడు అసలు మనిషే లేడు. రోజువారీ సంభాషణలో ఇవి అందమైన పలుకుబళ్ళు, ఒప్పుకోలులో మాత్రం దాక్కునే చోట్లు. అందుకే మీ కాగితం తీసి ప్రతి వాక్యాన్నీ "నేను"తో మొదలుపెట్టి, "చేశాను" వంటి క్రియతో ముగించి చూడండి.

"మా మధ్య మాటలు పెరిగాయి" అనేది "నేను ఆమెను అవమానించాలనే ఆ మాట అన్నాను" అవుతుంది. "లెక్కల్లో కొంచెం తేడా వచ్చింది" అనేది "నేను ఆ డబ్బు తీసుకున్నాను, లెక్క మార్చి రాశాను" అవుతుంది. రెండో రూపం పలకడానికి గొంతు అడ్డుపడుతుంది. ఆ అడ్డం ఉన్నచోటే పాపం ఉందని గుర్తు.

తర్వాత "కానీ" అన్న మాట ఎక్కడ కనబడినా అక్కడితో వాక్యం కోసేయండి. "మేమందరం" అన్నచోట కూడా ఆగండి. తిలాపాపం తలా పిడికెడు పంచుకుంటే ఎవరి వాటా వారికి చిన్నదిగానే కనబడుతుంది. మీ పిడికెడు మాత్రమే చెప్పండి, పూర్తిగా చెప్పండి. అలాగని కథంతా విప్పనక్కరలేదు. యేసు చెప్పిన కథలో పన్నులు వసూలు చేసే సుంకరి ప్రార్థన "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నంతే. అదే గుడిలో నిలబడ్డ, నిష్ఠాపరుడైన పరిసయ్యుడిదే పొడుగు ప్రార్థన.

ఐదో మెట్టు: ఎవరి ఎదుట ఒప్పుకోవాలి

ఆదిమ శతాబ్దాల్లో విగ్రహారాధన, హత్య, వ్యభిచారం వంటి ఘోరపాపాలకు సంఘమంతటి ఎదుటా ప్రాయశ్చిత్తం ఉండేది, అది ఏళ్ళ తరబడి సాగేది. 6వ శతాబ్దం నుంచి ఐర్లండు సన్యాసుల ద్వారా రహస్యంగా, పదే పదే చేసుకోగల ఒప్పుకోలు ఐరోపాలో వ్యాపించింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికి కనీసం ఒకసారి గురువు (కతోలిక యాజకుడు) దగ్గర ఒప్పుకోవాలని శాసించింది. 1551లో ట్రెంట్ మహాసభ దాన్ని క్రీస్తు స్థాపించిన దివ్యసంస్కారంగా, అంటే సంఘం జరిపే పవిత్ర క్రియగా, మరోసారి స్థిరపరచింది. మీరు ఎవరి పాపాలు క్షమిస్తారో అవి వారికి క్షమింపబడతాయని పునరుత్థానం తర్వాత యేసు శిష్యులతో అన్న మాట, యోహాను 20:23, కతోలిక బోధకు పునాది. గురువు తన సొంత అధికారంతో కాదు, క్రీస్తు పేరిట, సంఘం పేరిట క్షమాపణ పలుకుతాడు.

ఆర్థడాక్స్ సంఘాల్లో విశ్వాసి సాధారణంగా క్రీస్తు ప్రతిమ ముందు, సువార్త గ్రంథం, సిలువ ఎదుట నిలబడి ఒప్పుకుంటాడు. యాజకుడు పక్కన సాక్షిగా ఉంటాడు. అక్కడ పాపాన్ని నేరంగా కన్నా రోగంగా చూసే ధోరణి ఎక్కువ, యాజకుడు ఇచ్చే సలహా కూడా వైద్యుడి మందుచీటీలా ఉంటుంది.

ప్రొటెస్టెంట్లు 1 తిమోతి 2:5ను ముందు పెడతారు: దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. కాబట్టి నేరుగా దేవునికే ఒప్పుకోవచ్చు. ఇంతవరకు అందరికీ తెలుసు. మరుగునపడిన సంగతి వేరే ఉంది. 1517లో తన తొంభై ఐదు వాదాల్లో మొదటిదిగా విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని రాసిన, ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్, వ్యక్తిగత ఒప్పుకోలును కొట్టివేయలేదు. దాన్ని నిర్బంధం చేయడాన్నే వ్యతిరేకించాడు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పదకొండో అధికరణం వ్యక్తిగత పాపవిమోచనను నిలుపుకోవాలనే చెబుతుంది. ఆంగ్లికన్ ఆరాధనలో అందరూ కలిసి చేసే ఒప్పుకోలు ఉంటుంది, కావలసినవారికి విడిగా చేసుకునే వీలూ ఉంది.

నన్నడిగితే, మీ సంఘం ఏదైనా యాకోబు 5:16ను వదిలేయకండి: మీ పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోండి. గదిలో ఒంటరిగా ఒప్పుకున్నప్పుడు మనమే నేరస్థులం, మనమే న్యాయమూర్తులం కూడా అయిపోయే ప్రమాదం ఉంది. మరో మనిషి చెవిన పడ్డాక పాపం పేరు మార్చుకోలేదు. అయితే ఆ మనిషిని చూసి ఎంచుకోండి. గుట్టు దాచగలవాడై ఉండాలి, తన పాపాన్ని తాను ఎరిగినవాడై ఉండాలి, మీ మాట విని ఉలిక్కిపడనివాడై ఉండాలి. వేదిక మీద, నిండు సభలో విప్పే సాక్ష్యాలను నేను ప్రోత్సహించను. రహస్య పాపానికి రహస్యంగా, బహిరంగ పాపానికి బహిరంగంగా అన్నది మంచి కొలత.

ఆరో మెట్టు: పాపసంకీర్తనానికి వెళ్ళేవారికి

పాపసంకీర్తనమంటే గురువు దగ్గర చేసే ఒప్పుకోలు. కతోలికులై ఉండి ఏళ్ళ తరబడి దానికి వెళ్ళనివారు, ముఖ్యంగా వరస మరిచిపోయామన్న సిగ్గుతో ఆగిపోయినవారు ఇది చదవాలి. వెళ్ళి, సిలువ గుర్తు వేసుకుని, కడసారి పాపసంకీర్తనం చేసి ఎంతకాలమైందో చెప్పండి. "ఇరవై ఏళ్ళు, ఎలా చేయాలో గుర్తు లేదు" అన్నా గురువు నడిపిస్తారు. ఘోరపాపాలను వాటి రకం, సంఖ్యతో చెప్పాలి. సంఖ్య కచ్చితంగా తెలియకపోతే దాదాపుగా చెబితే చాలు. ఘోరపాపం కావాలంటే విషయం గట్టిదై ఉండాలి, తెలిసి చేసి ఉండాలి, మనస్ఫూర్తిగా సమ్మతించి ఉండాలి. మూడూ ఉండాలి. చిన్న పాపాలు చెప్పడం తప్పనిసరి కాదు, చెప్పుకోవడం మంచిది. ఇతరుల పేర్లు ఎత్తకండి, మీరు వచ్చింది మీ పాపం చెప్పడానికి.

గురువు కొన్ని మాటలు చెప్పి ప్రాయశ్చిత్తం విధిస్తారు. మీరు పశ్చాత్తాప ప్రార్థన చెప్పాక "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" క్షమాపణ పలుకుతారు. నిజంగా మరిచిపోయిన ఘోరపాపం కూడా ఆ క్షమాపణలో చేరుతుంది, గుర్తొస్తే తర్వాతిసారి చెప్పాలి. కావాలని దాచితే మాత్రం ఆ పాపసంకీర్తనమే చెల్లదు. ఫోనులో, అంతర్జాలంలో ఈ సంస్కారం జరగదు.

విన్నది గురువు ఎన్నటికీ, ఎవరికీ బయటపెట్టరాదు. 1983 నాటి సంఘ ధర్మశాస్త్రం 983వ నియమం దీన్ని భంగపరచరాని ముద్ర అంటుంది. తెలిసి నేరుగా భంగం చేసిన గురువు ఆ క్షణమే సంఘబహిష్కృతుడవుతాడు. 1393లో ప్రాగ్‌లో నదిలో ముంచి చంపబడిన నెపొముక్ యోహాను అనే గురువు, రాణి పాపసంకీర్తనాన్ని రాజుకు చెప్పనందుకే చనిపోయాడని సంప్రదాయం. చరిత్రకారులు మఠాధిపతి నియామకంపై వచ్చిన తగవును అసలు కారణంగా చూపుతారు. ఏమైనా, ఈ ముద్రకు గుర్తుగా ఆయన బొమ్మ ఐరోపాలో వంతెన వంతెనకూ నిలిచింది.

ఏడో మెట్టు: క్షమాపణను పుచ్చుకోండి

యేసు చెప్పిన కథలో ఇల్లు విడిచి తప్పిపోయిన కుమారుడు, తండ్రి దగ్గరికి తిరిగి రావాలనుకున్నప్పుడు మూడు వాక్యాలు తయారుచేసుకున్నాడు: పాపం చేశాను, నీ కుమారుడనిపించుకునే యోగ్యత లేదు, నన్ను కూలివాడిగా పెట్టుకో. లూకా 15 జాగ్రత్తగా చదివితే అతను మూడోది చెప్పనే లేదు. తండ్రి మధ్యలోనే సేవకులను కేకేసి మంచి వస్త్రం తెమ్మన్నాడు. కూలికి కుదరాలన్న ఆలోచన మనలో చాలామందికి ఒప్పుకోలు తర్వాత కూడా పోదు. క్షమించబడ్డానన్న అనుభూతి రాలేదని అదే పాపాన్ని మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటాం.

1522లో ఇగ్నేషియస్ మోంత్సెర్రాత్ మఠంలో మూడు రోజులు రాసుకుని తన జీవితమంతటికీ పాపసంకీర్తనం చేశాడు. తర్వాత మన్రేసాలో ఏదో వదిలేశానన్న అనుమానం పట్టుకుంది. ఎంత చెప్పుకున్నా తీరలేదు, ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా వెళ్ళింది. చివరికి గతపాపాలను ఇక మళ్ళీ ఒప్పుకోనని నిర్ణయించుకున్న రోజున బయటపడ్డాడు. లూథర్ కూడా సన్యాసిగా ఉన్నప్పుడు తన పైఅధికారి స్టాపిట్జ్ ముందు గంటల తరబడి ఒప్పుకుంటూ ఇదే సుడిలో తిరిగాడు. ఇరవై నిమిషాలు చాలని పైన అన్నది ఇందుకే. ఈ అనుమానం మిమ్మల్నీ వదలకపోతే ఒక్క గురువునే పట్టుకోండి, ఆయన "ఇక చాలు" అన్నచోట ఆగండి. మానసిక వైద్యుణ్ణి కలవడానికి వెనకాడకండి. క్షమాపణలేని పాపం చేశానేమో అన్న భయం కూడా ఇటువంటిదే. మార్కు 3లో ఆ హెచ్చరిక వెళ్ళింది పరిశుద్ధాత్మ పనిని అపవిత్రాత్మ పని అన్నవారికి. క్షమాపణ కోసం తపిస్తున్నవారికి కాదు.

ఎనిమిదో మెట్టు: బాకీ తీర్చండి

దేవుడు క్షమించాడు కాబట్టి ఎదుటివాడి డబ్బు మన దగ్గరే ఉండిపోవచ్చని ఎక్కడా లేదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం పాపాన్ని ఒప్పుకుని, నష్టపరిహారానికి అయిదో వంతు కలిపి చెల్లించమంటుంది. సుంకరి అయిన జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమని యేసు చెప్పాడు.

కాబట్టి వెళ్ళండి. తప్పు పేరు చెప్పండి, నష్టం పూరించండి, అక్కడితో ఆగండి. "క్షమించానని చెప్పండి" అని ఒత్తిడి చేస్తే అది కొత్త అప్పు అడగడమే. మీ మనసు తేలిక చేసుకోవడానికి ఎదుటివారికి తెలియని గాయాన్ని వారి నెత్తిన దించబోతుంటే మాత్రం ముందు అనుభవమున్న పెద్దను సంప్రదించండి. నేరమైతే చట్టానికి లోబడటం కూడా ఈ మెట్టులో భాగమే. దావీదు క్షమాపణ పొందాడు, అయినా అతని ఇంటి మీద పడిన ఫలితాలు తప్పలేదు.

తొమ్మిదో మెట్టు: మీకు బాకీ ఉన్నవారు

మత్తయి 18లో రాజు దాసుడికి పదివేల తలాంతులు వదిలేశాడు. దేనారం ఒక రోజు కూలి. తలాంతును ఆరువేల దేనారాలుగా లెక్కిస్తే ఆ అప్పు ఆరు కోట్ల రోజుల కూలి, అంటే ఒక్క మనిషి లక్షా అరవై వేల ఏళ్ళకు పైగా పనిచేయాలి. ఆ దాసుడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలు చిన్న మొత్తం కాదు, మూడు నెలల పైబడిన కూలి. మీకు జరిగిన నష్టం చిన్నదని యేసు అనలేదు. క్షమించడమంటే మళ్ళీ దెబ్బలు తినడానికి వెళ్ళడమూ కాదు. పగ తీర్చుకునే హక్కు వదులుకుంటూనే తలుపు గడియ వేసుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు.

పదో మెట్టు: మళ్ళీ అదే పాపం

వస్తుంది. చాలామందికి పదేళ్ళ కిందటి కాగితానికీ ఇప్పటి కాగితానికీ పెద్ద తేడా ఉండదు. పడిన రోజే ఒప్పుకోండి, బాగుపడ్డాక ఒప్పుకుంటానని వాయిదా వేయకండి. పడటానికి గంట ముందు ఎక్కడ ఉన్నారో, ఎంత అలసిపోయి ఉన్నారో, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకోండి. నాలుగైదుసార్లు రాసేసరికి దారి కనబడుతుంది. ఆ దారి మొదట్లోనే ఒక్క అలవాటు మార్చండి.

దానితోపాటు ఒక మనిషికి జవాబు చెప్పే ఏర్పాటు చేసుకోండి. 1738 డిసెంబరులో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికి కనీసం ఒకసారి కలవాలి, స్త్రీలు, పురుషులు వేర్వేరుగా. ప్రతిసారీ అందరికీ వేసే ప్రశ్నల్లో మొదటిది, కిందటిసారి కలిసిన తర్వాత మీకు తెలిసి ఏ పాపాలు చేశారు అన్నది. దాని జవాబులో "దొర్లింది", "జారింది" వంటి మాటలు వినబడితే మిమ్మల్ని ఆపి, వాక్యం మళ్ళీ చెప్పించే హక్కు ఆ మనిషికి ముందే ఇచ్చి ఉంచండి.